ఆటలో ఓడిన దేశం ఆ తర్వాత ఏం చేస్తుంది?

ఈసారి ఉత్తరం కాస్త పెద్దది, కాబట్టి కుదించి చెబుతున్నాను. రాసినాయన వయసు ముప్పై అయిదు దాటింది. చాలా ఏళ్లు గేమ్‌లు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రామర్‌గా పనిచేశారు. ఆయన అన్నయ్య సైన్యంలో ఉండేవారు. సరిహద్దులో జరిగిన ఒక పోరులో మందుపాతర పేలి అన్నయ్యకు ఎడమ కాలు మోకాలి కింది నుంచి పోయింది. ఆసుపత్రిలో అన్నయ్యకు తోడుగా ఉన్న రోజుల్లో ఈయనకు ఒక ఆలోచన వచ్చింది. రెండు దేశాలు నిజంగా కొట్టుకునే బదులు తమ బలగాలు, ఆయుధాలు, నేల తీరు, వాతావరణం, ఖజానా అన్నింటినీ లెక్కల రూపంలో ఒక సిమ్యులేషన్‌లో పెట్టి, పోరు అందులోనే జరిపి, వచ్చిన ఫలితానికి కట్టుబడితే ఎలా ఉంటుంది? నేల చేతులు మారుతుంది, మనుషులు మాత్రం మిగులుతారు.

ఆ ఆలోచన ఆయన్ని వదల్లేదు. ఉద్యోగం మానేశారు. దాచుకున్న డబ్బుతో, భార్య జీతంతో ఇల్లు నడుస్తోంది. ఆమె ఎప్పుడూ వద్దు అనలేదు, కానీ ఈ మధ్య "ఎప్పటిదాకా?" అని అడుగుతోంది. ఆయన దగ్గర జవాబు లేదు.

అసలు దెబ్బ మరోచోట తగిలింది. డెమో తయారయ్యాక మొట్టమొదట అన్నయ్యకే చూపించారు. అన్నయ్య చెప్పగా విని విని ఆ పోరు జరిగిన లోయ తనకు కంఠతా వచ్చేసిందని, అందుకే డెమోలో మ్యాప్‌గా దాన్నే వాడానని రాశారు. తెర మీద ఓ మూల ప్రాణనష్టం, గాయాలు లెక్కపెట్టే అంకెలు తిరుగుతున్నాయి. ఆట ముగిసి అంకెలు ఆగేదాకా అన్నయ్య మాట్లాడకుండా చూశారు. "ఇందులో నేను ఎన్నో నంబర్‌రా?" అని అడిగి, లేచి లోపలికి వెళ్లిపోయారు. అప్పటినుంచి మాటల్లేవు. కొన్నాళ్లు ఇటు రావద్దని వదిన మెసేజ్ పెట్టారు.

వీటికి తోడు ఒక కాలేజీ వాళ్లు ఆయన్ని వచ్చే నెల ప్రసంగానికి పిలిచారు. విన్న ప్రతివాళ్లూ అడిగే ప్రశ్నే అక్కడా అడుగుతారని ఆయన టెన్షన్: ఓడిన దేశం ఎందుకు ఒప్పుకుంటుంది? "నాకు సమాధానం తెలియడం లేదు. నేను పిచ్చివాణ్ణా? ఇది ఆపేయాలా? అన్నయ్యతో మళ్లీ ఎలా మాట్లాడాలి?" అని ముగించారు.

మీరు అడిగినవి మూడు ప్రశ్నలే కానీ, ఉత్తరం నిండా అవి ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. అన్నయ్య బాధపడ్డారు కాబట్టి ఆలోచనే తప్పేమో అనుకుంటున్నారు. ఆలోచన గొప్పది కాబట్టి మీ భార్య ఇంకొంత ఓపిక పట్టాలని ఆశిస్తున్నారు. చేతిలో డబ్బు అయిపోతోంది కాబట్టి అన్నయ్య తొందరగా మెత్తబడితే బాగుండునని కూడా మనసులో ఉంది, మీరు రాయకపోయినా. ఈ మూడింటినీ విడదీసి చూద్దాం. ముందు ఆలోచన సంగతి. మీతో మొహమాటం లేకుండా మాట్లాడగలిగేది దాని గురించే.

మీరు పిచ్చివారు కాదు. కనీసం ఈ పిచ్చి మీ ఒక్కరిదే కాదు. క్రీస్తుపూర్వం 546 ప్రాంతంలో స్పార్టా, ఆర్గోస్ అనే గ్రీకు రాజ్యాలు థైరియా అనే నేల కోసం తగాదా పడ్డాయి. సైన్యాలు మొత్తం చావడమెందుకు, చెరో 300 మందిని దింపుదాం, గెలిచినవాళ్లదే నేల అని ఒప్పందం చేసుకున్నాయి. మిగతా సైన్యం అక్కడే ఉంటే తమవాళ్లు ఓడిపోతుంటే చూస్తూ ఊరుకోదని, రెండు సైన్యాలూ ఇళ్లకు వెళ్లిపోవాలనే షరతు కూడా పెట్టుకున్నారు. అంత ముందుచూపు! చీకటి పడేసరికి 600 మందిలో ముగ్గురు మిగిలారు: ఆర్గోస్ వాళ్లు ఇద్దరు, స్పార్టావాడు ఒక్కడు. గెలిచేశాం అనుకుని ఆ ఇద్దరూ తమ ఊరికి పరుగెత్తారు. స్పార్టావాడు మాత్రం కదల్లేదు. చచ్చిపడిన శత్రువుల ఆయుధాలు తీసుకుని తన శిబిరానికి చేర్చి, తన చోటులో నిలబడ్డాడు. మర్నాడు రెండు సైన్యాలూ వచ్చాయి. మావాళ్లు ఎక్కువమంది మిగిలారని ఒకరు, మీవాళ్లు పారిపోయారు మావాడు నిలిచాడని ఇంకొకరు. మాటామాటా పెరిగి మొత్తం సైన్యాలు తలపడ్డాయి. యుద్ధం తప్పించడానికి పెట్టిన పోటీలో 597 మంది పోయారు, యుద్ధం ఎలాగూ జరిగింది.

గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిపెట్టిన ఈ కథకు ఒక కొసరు ఉంది. నూరేళ్లు దాటాక, క్రీ.పూ. 420లో ఆర్గోస్ రాయబారులు అదే నేల కోసం అలాంటి పోటీయే మళ్లీ పెట్టుకునే హక్కు ఒడంబడికలో ఉండాలని స్పార్టాను అడిగారు. స్పార్టావాళ్లకు మొదట అది తెలివితక్కువ ముచ్చటగా తోచింది. అంత జరిగాక కూడా మళ్లీ అడిగారంటే ఈ ఆలోచనకు ఎంత ఆకర్షణ ఉందో చూడండి. మిమ్మల్ని పట్టుకుంది కూడా అదే.

మన పల్నాటి కథలో తిరకాసు ఇంకో రకం. కోడిపందెంలో ఓడినవాళ్లు మాట తప్పలేదు. ఒప్పందం ప్రకారం ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లారు. గడువు తీరి తమ భాగం తమకిమ్మన్నప్పుడు మాట తప్పింది గెలిచినవాళ్లు. చివరికి అది కారంపూడి రణరంగానికి దారితీసింది. ధర్మరాజు జూదం కథా ఇదే దారి. అందరూ మిమ్మల్ని ఓడినవాడి గురించే అడుగుతున్నారు. గెలిచినవాడు గెలిచినంతతో ఆగుతాడని పూచీ ఎవరు పడతారన్నది కూడా అంతే పెద్ద ప్రశ్న, దాన్ని మీ ప్రోటోటైప్ ఎక్కడా పట్టించుకున్నట్టు లేదు.

యుద్ధం ఎంత నీచమైన పద్ధతి అయినా అది ఒక పని చేస్తుంది: ఓడినవాడికి మళ్లీ లేచే శక్తి లేకుండా చేస్తుంది, లేదా ఇంక చాలు అనిపించేలా చేస్తుంది. శత్రువును ఎదిరించలేని స్థితికి నెట్టడమే యుద్ధం గురి అని 19వ శతాబ్దం మొదట్లోనే ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు సైనికాధికారి క్లాజ్‌విట్జ్ రాశాడు. మీ సర్వర్‌లో ఓడిన దేశానికి మర్నాడు పొద్దున చూస్తే ట్యాంకులు అన్నీ ఉన్నాయి, ఇంధనం ఉంది, సైనికులు నిండు ఆరోగ్యంతో ఉన్నారు, పైగా అవమానం జరిగిందన్న కోపం ఉంది. ఆ దేశపు నాయకుడు టీవీలో నిలబడి "కంప్యూటర్ చెప్పింది కాబట్టి ఈ నేల ఇచ్చేస్తున్నాం" అని చెప్పగలడా? చెప్పి మరుసటి ఎన్నికల దాకా కుర్చీలో ఉండగలడా?

దీనికంటే నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. మీ ఉత్తరం చదివాక చాలాసేపు దీని గురించే ఆలోచించాను. మీ సిమ్యులేషన్ రెండు రకాల్లో ఏదో ఒకటి కావాలి. మొదటి రకం, ఉన్న బలాన్ని ఉన్నట్టు కొలిచేది. మీరు కడుతున్నది అదే, దాని కచ్చితత్వం గురించి గర్వంగా రాశారు. అంత కచ్చితమైన యంత్రంలో పెద్ద దేశం చిన్న దేశం మీద దాదాపు ప్రతిసారీ గెలుస్తుంది. అలాంటప్పుడు పెద్ద దేశం ఈ ఏడు ఒక దీవి కోసం, వచ్చే ఏడు ఒక నది కోసం, ఆ పై ఏడు ఒక రేవు కోసం పోటీకి పిలుస్తూనే ఉంటుంది. దానికి అయ్యే ఖర్చు కరెంటు బిల్లు. ఇవాళ దాన్ని ఎంతో కొంత ఆపుతున్నది తన సైనికులు శవపేటికల్లో తిరిగొస్తారన్న భయమే. ఆ భయాన్ని తీసేస్తే బలహీనుడికున్న రక్షణ కూడా దాంతోపాటే పోతుంది. రెండో రకం, చదరంగంలా ఇద్దరికీ సమాన బలగం ఇచ్చి నేర్పును మాత్రమే పరీక్షించేది. అందులో చిన్న దేశం గెలవగలదు. గెలవగలదు కాబట్టే పెద్ద దేశం ఆ బల్ల దగ్గర కూర్చోదు. ఈ రెండింటికీ మధ్య దారి నాకు కనపడలేదు. మీకు కనపడితే రాయండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

బలాన్ని ఉన్నట్టు కొలవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తినప్పుడు రాజధాని కీవ్ కొద్ది రోజుల్లో పడిపోతుందని చాలామంది నిపుణులు అనుకున్నారు. ట్యాంకుల లెక్క చూస్తే అలాగే అనిపించింది. కీవ్ పడలేదు. ఒక జనం ఎంత బాధ ఓర్చుకుంటారు, ఎప్పుడు చాలు అంటారు అన్నది యుద్ధానికి ముందు ఆ జనానికే తెలియదు, ఇంక మీ డేటాబేస్‌లో ఏ గడిలో నింపుతారు?

పైగా దేశాలు తమ అసలు బలం చెప్పవు. 1995లో జేమ్స్ ఫియరాన్ అనే రాజనీతి శాస్త్రవేత్త ఒక చిక్కు ప్రశ్నను పట్టుకున్నాడు: యుద్ధం ఇద్దరికీ నష్టమే అయినప్పుడు, అంతకంటే మేలైన రాజీ ఏదో ఒకటి ఎప్పుడూ ఉండాలి కదా, దేశాలు దాన్ని ముందే ఎందుకు పట్టుకోలేవు? ఆయన చెప్పిన ముఖ్య కారణాల్లో రెండు మీకు పనికొస్తాయి. ఒకటి, ఎవరి బలం వారు దాచుకోవడానికీ పెంచి చెప్పుకోవడానికీ కారణం ఉంది. రెండు, ఇవాళ చేసుకున్న ఒప్పందాన్ని రేపు బలం మారాక అవతలివాడు నిలబెట్టుకుంటాడన్న నమ్మకం లేదు. మీ యంత్రం మొదటి చిక్కు లేదనుకుని నడుస్తుంది, రెండోదాన్ని తాకనే తాకదు. రహస్య ఆయుధం వివరాలు మీ సర్వర్‌లోకి ఎక్కించిన రోజే అది రహస్యం కాకుండా పోతుంది. ఎవరు ఎక్కిస్తారు?

అంతెందుకు, ఒక దేశం తన సొంత సైన్యంలో తానే ఆడుకున్న ఆట ఫలితాన్నే ఒప్పుకోని సందర్భం ఉంది. 2002 వేసవిలో అమెరికా 'మిలీనియం ఛాలెంజ్' పేరుతో భారీ యుద్ధ క్రీడ జరిపింది. ఖర్చు సుమారు 25 కోట్ల డాలర్లు. శత్రుపక్షాన్ని నడిపినాయన పాల్ వాన్ రైపర్ అనే రిటైర్డ్ మెరైన్ జనరల్. ఆయన రేడియోలు వాడితే వింటారని మోటార్ సైకిళ్ల మీద మనుషులతో ఆదేశాలు పంపాడు, చిన్న పడవల గుంపులతో, క్షిపణులతో ఒక్కసారిగా విరుచుకుపడి 16 యుద్ధనౌకలను ముంచేశాడు. అప్పుడు నిర్వాహకులు మునిగిన నౌకల్ని తేల్చి ఆట మళ్లీ మొదలుపెట్టారు. శత్రుపక్షం ఏం చేయొచ్చో ఏం చేయకూడదో షరతులు పెట్టారు. ఆయన విసుగెత్తి మధ్యలోనే ఆ బాధ్యత వదిలేశాడు. ఇక్కడ పణంగా అంగుళం నేల కూడా లేదు, అయినా ఓటమిని మింగలేకపోయారు.

ఇవన్నీ చదివి "మరి ఆటల పోటీలు పెడితే?" అని ఇంకెవరైనా పాఠకులు రాస్తారని తెలుసు, ముందే చెప్పేస్తాను. 1969 జూన్‌లో ఎల్ సాల్వడోర్, హోండురాస్ ప్రపంచ కప్ అర్హత కోసం మూడు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడాయి, జులై 14న యుద్ధానికి దిగాయి. అసలు కారణం ఫుట్‌బాల్ కాదు. భూమి తగాదాలు, హోండురాస్‌లో ఉంటున్న సుమారు 3 లక్షల మంది సాల్వడోర్ వాసుల సమస్య. ఆట ఆ కోపాన్ని చల్లార్చలేకపోగా ఇంకా రాజేసింది.

ఇంత చెప్పాక మీ ఆలోచన అంతా వృథా అంటున్నానని అనుకోకండి. యుద్ధం బదులు మరో పద్ధతిలో తీర్పు తెచ్చుకుని, ఓడినవాళ్లు కూడా దానికి కట్టుబడిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. 1965లో రాన్ ఆఫ్ కచ్‌లో భారత్, పాకిస్తాన్ సైన్యాలు కొట్టుకున్నాక తగాదాను ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్‌కు అప్పగించారు. 1968 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది: వివాదంలో ఉన్న నేలలో దాదాపు పదింట తొమ్మిది వంతులు భారత్‌కు, మిగిలింది పాకిస్తాన్‌కు. ఆ పదో వంతు ఇవ్వడం మీద మన పార్లమెంటులో పెద్ద గొడవే అయింది, అయినా ప్రభుత్వం తీర్పును అమలు చేసింది. బకాసీ ద్వీపకల్పం విషయంలో నైజీరియా, కామెరూన్ మధ్య కాల్పులు కూడా జరిగాయి. 2002లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాన్ని కామెరూన్‌కు ఇచ్చింది. నైజీరియా వెంటనే తల ఊపలేదు. నాలుగేళ్లు చర్చలు నడిచాయి, ఐక్యరాజ్యసమితి మధ్యలో నిలబడింది, 2006లో పెద్ద దేశాల సాక్షి సంతకాలతో ఒప్పందం కుదిరింది, 2008 ఆగస్టుకు అప్పగింత పూర్తయింది.

ఇవి ఎందుకు నిలబడ్డాయో గమనించండి. తీర్పు ఎవరు బలవంతులన్న దాని మీద రాలేదు. పాత పటాలు, ఒప్పందాలు, పాలన రికార్డులు చూసి ఎవరి హక్కు ఏమిటో చెప్పారు. ఓడిన నాయకుడు ఇంటికెళ్లి "మనం బలహీనులం" అని చెప్పుకోనక్కర్లేకుండా "చట్టం ఇలా అంది" అని చెప్పుకోగలిగాడు. బకాసీ విషయంలో తీర్పు తర్వాత ఏళ్ల తరబడి పక్కన ఉండి అమలు చేయించిన మూడోవాళ్లు కూడా ఉన్నారు. మీరు శ్రమంతా ఆట మీద పెట్టారు. ఫలితాన్ని నిలబెట్టేది ఆట ముగిశాక జరిగే ఈ పని. కాలేజీ పిల్లలు ఆ ప్రశ్న అడిగినప్పుడు మీ దగ్గర ఉండాల్సిన జవాబు ఇది: బలాబలాలు తేల్చే ఆట ఫలితానికి ఓడిన దేశం కట్టుబడుతుందని ఆశించడానికి నాకు ఆధారం దొరకలేదు.

మరి మీరు కట్టిన యంత్రం ఎందుకు? యుద్ధం బదులుగా పనికిరానిది, యుద్ధానికి ముందు పనికిరావచ్చు. 1914లో ఐరోపా దేశాలు కొద్ది నెలల్లో ముగించేద్దామనుకుని దిగాయి, నాలుగేళ్లు పట్టింది. తేలిగ్గా గెలిచేస్తామన్న ధీమా చాలా యుద్ధాలకు తలుపు తీసింది. "ఇలా మొదలుపెడితే ఇక్కడిదాకా వెళ్తుంది, ఈ నెలలో ఇంధనం అయిపోతుంది, ఈ ఊరు ఖాళీ అవుతుంది" అని నిర్ణయం తీసుకునేవాళ్ల ముందు పెట్టగలిగితే అది చిన్న పని కాదు. రాయబారులకు, శాంతి చర్చలు నడిపేవాళ్లకు, విదేశీ వ్యవహారాలు చదివే విద్యార్థులకు కూడా అది పనికొస్తుంది. ఇది మీరు కలగన్నంత పెద్దది కాదు, తెలుసు. మిలీనియం ఛాలెంజ్‌లోలాగా నచ్చని ఫలితాన్ని చెరిపేసుకునేవాళ్లూ ఉంటారు. ఇందులో మాత్రం ఎవరూ దేన్నీ వదులుకోనక్కర్లేదు కాబట్టి బల్ల దగ్గరికి వచ్చి కూర్చోవడానికి అంత భయం ఉండదు.

ఇప్పుడు మీ అన్నయ్య. ఆయనకు సిమ్యులేషన్ అంటే పడకపోవడం కాదని నా ఊహ. సైన్యంలో పనిచేసినవాళ్లకు ఇసుక బల్లల మీద, మ్యాపుల మీద యుద్ధ క్రీడలు కొత్త కాదు. 1824లో రైస్‌విట్జ్ అనే యువ అధికారి ప్రష్యా సైన్యానికి చూపించిన బల్ల మీది ఆట నుంచి అవి సైనిక శిక్షణలో భాగమే. ఆయన్ని దెబ్బతీసింది ఆ లోయ. ఆయన ఎవరికీ చెప్పని సంగతులు తమ్ముడివి కదా అని మీతో చెప్పారు. మీరు వాటిని అడగకుండా మ్యాప్ చేశారు. ప్రేమతోనే చేశారు, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ ఆయన వైపు నుంచి చూడండి: తోటివాళ్లు చనిపోయిన నేల తెర మీద కనపడింది, పక్కన అంకెలు తిరిగాయి.

ఇంకొకటి, దీన్ని మీరు ఆలోచించారో లేదో. ఆ యుద్ధాన్ని ఒక గదిలో కంప్యూటర్ మీద తేల్చేయొచ్చని మీరు చూపించారు. అదే నిజమైతే ఆయన కాలు ఎందుకు పోయినట్టు? "ఇంకెవరికీ ఇలా జరగకూడదు" అని మీరు అంటున్నారు. "నీకు జరిగింది అనవసరంగా జరిగింది" అని ఆయనకు వినపడుతోంది. రెండోది నిజమే కావచ్చు కూడా. అయినా దాన్ని ఆయనకు చెప్పాల్సింది మీరు కాదు, అలా చెప్పాల్సిన పద్ధతీ అది కాదు.

ఏం చేయొచ్చు? వెంటనే వెళ్లి కలవొచ్చు. మీకు బరువు దిగుతుంది. వదిన రావద్దన్నా వెళ్లారు కాబట్టి ఆమె మాటకు విలువ ఇవ్వలేదన్న కొత్త తగువు మొదలవ్వొచ్చు. ఏమీ చేయకుండా ఆయనే పలకరించేదాకా ఆగొచ్చు. కొందరు అన్నదమ్ముల మధ్య అది పనిచేస్తుంది, కొందరి మధ్య ఆ మౌనమే అలవాటైపోయి ఏళ్లు గడిచిపోతాయి. లేదా ఒక ఉత్తరం రాసి వదిన చేతికి పంపొచ్చు, ఆయనకు చదవాలనిపించినప్పుడు చదువుకుంటారు. నన్నడిగితే మూడోదాని వైపు మొగ్గుతాను. రాసేట్టయితే ఒక్క విషయమే రాయండి: నిన్ను అడగకుండా ఆ లోయను వాడాను, తీసేశాను. ముందు నిజంగా తీసేసి ఆ తర్వాత రాయండి, కోడ్‌లో ఎక్కడా మిగలకుండా. నా ఉద్దేశం మంచిదే అన్న వివరణ, ప్రాజెక్టు భవిష్యత్తు, ఆయన సలహా కావాలన్న కోరిక, ఇవేవీ ఆ ఉత్తరంలో వద్దు. ఒక సైనికుడి కళ్లతో చూసి తప్పులు చెప్పే మనిషి మీ ప్రాజెక్టుకు కావాలి, అది నిజమే, ఆయనకంటే తగినవాళ్లు లేరని మీకు అనిపించడం కూడా సహజమే. ఆ మాట ఆయన నోటినుంచి రావాలి. రాకపోతే రాలేదు. వేరేవాళ్లను వెతుక్కోండి.

ఉత్తరానికి జవాబు రాకపోయే అవకాశం ఉంది. అప్పుడు రెండో ఉత్తరం రాయకండి. పండక్కో పబ్బానికో మామూలు పలకరింపులు ఎప్పటిలాగే పంపుతూ ఉండండి, వాటిలో దీని ప్రస్తావన లేకుండా.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది మీకూ తెలుసు. మీ భార్య ఆలోచనను ప్రశ్నించడం లేదు, తేదీ అడుగుతోంది. తేదీ చెప్పకపోవడం కూడా ఒక జవాబే, ఆమె దాన్ని "ఎప్పటికీ" అని చదువుకుంటోంది. ఇప్పుడున్నట్టే పూర్తి సమయం కొనసాగితే పని వేగంగా సాగుతుంది, కానీ దేశాల మధ్య యుద్ధాలు ఆపే యంత్రం కోసం డబ్బు కట్టే కొనుగోలుదారు ఎవరో నాకు కనపడటం లేదు. ఉద్యోగంలో చేరి సెలవుల్లో చేస్తే ఇల్లు కుదుటపడుతుంది, పని ఏళ్లకు సాగుతుంది, మధ్యలో ఆగిపోనూ వచ్చు. శిక్షణకు పనికొచ్చే చిన్న రూపంలోకి మార్చి విశ్వవిద్యాలయాలకు, శాంతి చర్చల మీద పనిచేసే సంస్థలకు చూపిస్తే కొంత ఆదాయం రావచ్చు. దానికి మీ పెద్ద కలను పక్కన పెట్టాలి, అది మీకు ఓటమిలా అనిపించొచ్చు. రక్షణ రంగంలోని కంపెనీలు కూడా మీలాంటివాళ్లను తీసుకుంటాయి, జీతం బాగుంటుంది. మీరు ఏ కారణంతో ఇది మొదలుపెట్టారో దానికి సరిగ్గా ఎదురు దిక్కున అది ఉందని తెలిసే నిర్ణయించుకోండి. వీటిలో ఏది ఎంచుకున్నా ఇద్దరూ కూర్చుని ఖాతాలో ఉన్నది చూసి, ఏ నెల దాకా అన్నది కాగితం మీద పెట్టండి. ఆ నెల వచ్చినప్పుడు "ఇంకొక్క రెండు నెలలు" అనే హక్కు మీకు ఉండకూడదు, ఆమెకు మాత్రమే ఉండాలి.

కాలేజీకి వెళ్లండి. వాళ్లు ప్రసంగానికి యుద్ధాలకు ముగింపు అన్నట్టు ఏదో పేరు పెట్టారని రాశారు, దాన్ని మార్చమనండి. థైరియా కథతో మొదలుపెడితే పిల్లలు వింటారు. కచ్చితంగా కొలిచే ఆట, సమానంగా పంచే ఆట అన్న చిక్కుముడిని వాళ్ల ముందు పెట్టి, మీ దగ్గర పరిష్కారం లేదని చెప్పి, అరగంట వాళ్లని వాదించుకోనివ్వండి. డెమో చూపించాలనుకుంటే ఎక్కడా లేని నేల ఒకటి గీసుకుని చూపించండి. ప్రాణనష్టం అంకెలు ఉంచాలా తీసేయాలా అన్నది నేను తేల్చి చెప్పలేను. తీసేస్తే అది వట్టి ఆటలా కనపడుతుంది, ఉంచితే చూసేవాళ్లలో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియదు. ఉంచేట్టయితే మొదలుపెట్టే ముందే ఆ సంగతి చెప్పి, వద్దనుకున్నవాళ్లు బయటికి వెళ్లడానికి వీలివ్వండి.